ముంగిసకు ఏకాదశి

తొలి ఏకాదశి నాటి పొద్దున మబ్బు బాగా కిందికి దిగింది. ఊరికి పడమట ఉన్న టేకు చెట్ల కొనలు కనిపించలేదు. వారం నుంచీ ఇదే వరస. కురవదు, పోదు. పత్తి గింజలు పెట్టిన వాళ్లంతా లేవగానే ఒకసారి పైకి చూసి, పనుల్లోకి పోతున్నారు.

సుదర్శన్‌రావు కూడా చూశాడు. ఇచ్చోడ రోడ్డు పక్కనే ఆయన చేను. గింజ భూమిలో ఉంది, ఇంకో రెండు రోజులు చూసి మళ్లీ పెట్టాలేమో అనుకుంటూ లోపలికి వచ్చాడు. ఇంట్లో ఇంకో పంచాయితీ ఆయన కోసమే ఆగి ఉంది.

వసారాలో ఇత్తడి గిన్నె ముందు ముంగిస కూర్చుని ఉంది. గిన్నె ఖాళీ. గిన్నెకు ఇటు పక్క పీట మీద ఆయన తల్లి సీతాబాయి, మడి కట్టుకుని, తడి జుట్టు ముడేసుకుని కూర్చుంది. ఇద్దరూ గిన్నె వంకే చూస్తున్నారు.

"సుదర్శన్," అన్నది సీతాబాయి తల ఎత్తకుండా. "గిది ధాన్యమా, కాదా?"

"ఏది అవ్వా?"

"బండు తినే దాణా. ధాన్యమైతే ఇయ్యాల పెట్టద్దు. కాకుంటె పెట్టచ్చు. జర ఆలోచించి చెప్పు."

బండు అంటే ముంగిస. సుదర్శన్‌రావు ఆలోచించాడు. ధాన్యమంటే అది పస్తుంటుంది. పస్తుంటే ఏం చేస్తుందో కిందటి ఏకాదశి నాడే చూశారు. ధాన్యం కాదంటే, మరి ఏమిటని తల్లి అడుగుతుంది. ఆ మాట ఆ ఇంట్లో అనడానికి లేదు.

"స్నానం చేసొస్త," అని ఆయన బావి వైపు పోయాడు.

ఆ ఇంట్లో ఏకాదశి అంటే ఏకాదశే. పెన్‌గంగ నది అవతలి మహారాష్ట్ర నుంచి వచ్చిన తాతల నాటి పద్ధతి. ఆ రోజు పొయ్యి మీదికి బియ్యం, జొన్న, గోధుమ, పప్పు ఏదీ ఎక్కదు. సగ్గుబియ్యంతో చేసిన సాబుదానా ఖిచిడి, పల్లీలు, పాలు, పండ్లు. ఇంట్లో ఉన్న ప్రాణులన్నిటికీ అదే నియమం. ఆవుకు తవుడు పెట్టరు, పచ్చి గడ్డి వేస్తారు. పిట్టలకు రోజూ చల్లే జొన్నలు కూడా చల్లరు. పిట్టలు వెనక గోడ దాటి అబ్బాస్ ఇంటికి పోయి, అతని భార్య షకీలా కోళ్లకు వేసిన నూకల్లో పడి తిని వస్తాయి. వాటి సంగతి సీతాబాయికి తెలుసు. పిట్టలు పొద్దున్నే ఎక్కడ తిన్నాయో అడగడం ఎవరి పనీ కాదని ఆమె అభిప్రాయం.

బండు ఆ ఇంటికి చలికాలంలో వచ్చింది. జీతగాడు రాయమల్లు చేను గట్టు మీద ముళ్లకంప తీస్తుంటే దాని కింద దొరికింది. కళ్లు అప్పుడే తెరిచిన పిల్ల. చూపించి మళ్లీ అక్కడే పెట్టి వద్దామని తువ్వాలలో చుట్టుకుని తెచ్చాడు. అది మళ్లీ పోలేదు. దానికి కారణం ముంగిస మీద ప్రేమ కాదు. పాము.

అంతకు ముందు కొన్నాళ్ల కిందట, తెల్లవారుజామున దీపం పెట్టడానికి సీతాబాయి దేవుడి అర్రలోకి పోయి రాగి చెంబు కోసం చెయ్యి చాపితే, చెంబు వెనక నాగుపాము చుట్ట చుట్టుకుని ఉంది. అది ఏమీ చెయ్యలేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది, అది నీళ్లు పోయే తూములోంచి వెళ్లిపోయింది. అంతే. కానీ ఆ మర్నాటి నుంచి ఆమె దేవుడి అర్ర గడప దాటలేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్క పొద్దు కూడా తప్పకుండా ఆ అర్రలో కూర్చున్న మనిషి, గడప ఇవతల నిలబడి చెయ్యి చాపినంత దూరంలో దీపం పెట్టి వస్తున్నది. భయమని ఇంట్లో ఎవరూ అనలేదు. "మోకాళ్లు వంగుత లేవు," అన్నది ఆమె. కొడుకు కరీంనగర్ నుంచి మోకాళ్ల నూనె తెచ్చి ఇచ్చాడు. ఆమె రాసుకుంది కూడా.

బండు కొంచెం ఎదిగాక తెల్లవారుజామున ఆమె వెంట తిరగడం మొదలుపెట్టింది. ఆమె గడప దగ్గర ఆగితే అది ఆగేది కాదు. లోపలికి పోయి చెంబుల వెనక, పీటల కింద, తూము దగ్గర ముక్కు పెట్టి చూసి, తోక ఊపుకుంటూ బయటికి వచ్చేది. ఒకనాడు అది బయటికి రాగానే ఆమె లోపలికి పోయింది. ఆ రోజు నుంచి మోకాళ్లు వంగాయి. నూనె సీసా అట్లాగే ఉండిపోయింది.

ఇక అది ఏం తినాలన్నది తేలవలసి వచ్చింది.

మొదట పాలన్నం పెట్టారు. పెరుగన్నం, అరటిపండు. కొన్నాళ్లు తిన్నది. తర్వాత తోక దగ్గర వెంట్రుకలు రాలి, మూలకు పోయి కూర్చోవడం మొదలుపెట్టింది. అప్పుడే అబ్బాస్ ఎడ్లబండి టైరుకు పంక్చరు వేసి తెచ్చి ఇస్తూ దాన్ని చూశాడు. అబ్బాస్‌ది రోడ్డు మీద పంక్చరు దుకాణం. నాగపూర్ పోయే లారీలన్నీ అతనికి తెలుసు.

"రావుసాబ్, గిది ముంగిస," అన్నాడు. "మీరు దీన్ని పంతులును చేస్తున్రు. ఇంకో నెలైతె జంధ్యం వేస్తరా?"

"మరేం పెట్టాలె?"

"కోడి కార్జం, కోడి కాళ్లు, తలకాయ. పచ్చిగ. ఉడకపెట్టద్దు. మీరు ఫికర్ పడకున్రి, మీ ఇంట్ల పెట్టే పని లేదు. నేను గోడ మీదికెల్లి ఇస్త."

ఇచ్చాడు. వెంట్రుకలు మళ్లీ వచ్చాయి, కళ్లు మెరిశాయి. లోపల ఎవరూ ఏమీ అడగలేదు. ముంగిస దానంతట అదే బాగుపడిందని అందరూ అనుకున్నట్టుగా ఉన్నారు. అయితే ముంగిసకు దాచుకునే అలవాటు ఉంటుందని అబ్బాస్ చెప్పలేదు. ఒక పొద్దున సీతాబాయి తులసి గద్దె దగ్గరికి పోయేసరికి, చెట్టు మొదట్లో గోళ్లతో సహా ఒక కోడి కాలు ఉంది. ఎవరో నైవేద్యం పెట్టినట్టే ఉంది.

ఆమె తలస్నానం చేసింది. వాకిలంతా పేడనీళ్లతో అలికించింది. తర్వాత తీర్పు చెప్పింది. "పచ్చి మాంసం ఈ ఆవరణలకు వచ్చిందంటె ముంగిస బయటికి పోతది. రాయమల్లూ, రేపు పొద్దున గంపల పెట్టుకపోయి అడవిల ఇడిచిరా."

రాయమల్లు మర్నాడు గంప తెచ్చాడు. "ఇయ్యాల అమాస," అన్నది సీతాబాయి. ఆ తర్వాత మంగళవారం వచ్చింది. ఆ తర్వాత ఎండలు మండుతున్నాయని, నోరులేని జీవాన్ని ఎండలో పంపడం పాపమని తేలింది. రాయమల్లు రోజూ గంపతో వచ్చి గంపతో పోయాడు. కొన్నాళ్లకు గంప తేవడం మానుకున్నాడు. ఎందుకు తేలేదని ఆమె అడగలేదు. కానీ పచ్చి మాంసం మాత్రం మళ్లీ గోడ దాటి రాలేదు, ముంగిస మళ్లీ మూలకు చేరింది.

ఈ పరిస్థితిలో కరుణాకర్‌రావు వచ్చాడు. సుదర్శన్‌రావు అక్క కొడుకు. నిర్మల్‌లో విత్తనాలు, పురుగుమందుల దుకాణం. కొత్తగా వచ్చిన వస్తువు ఏదైనా అందరికంటే ముందు తన చేతిలో ఉండాలనే మనిషి. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద పాకిట్టు పట్టుకొచ్చి అరుగు మీద పెట్టాడు.

"పట్నంల కుక్కలకు, పిల్లులకు గిదే పెడుతున్రు. ముంగిసకు గూడ నడుస్తదట. ఇగ పరేషాన్ లేదు."

సీతాబాయి పళ్లెంలో కొన్ని పోయించి చూసింది. గోధుమరంగు, సెనగ గింజంత గుళికలు. ఎండువి. పళ్లెంలో పడితే గలగలమన్నాయి.

"దాణానా?" అన్నది.

"దాణానే అమ్మమ్మా."

కరుణాకర్ అబద్ధం ఆడలేదు. అడిగిన దానికి అవునన్నాడు. సీతాబాయి ఆ పాకిట్టు మొత్తం చేటలో పోసుకుని, చెరిగి, పొట్టు రాకపోతే ఆశ్చర్యపడి, రాళ్లేమైనా ఉన్నాయేమోనని ఏరింది. "మంచి శుభ్రంగ ఉన్నది. మన దుకాణపోళ్లు గిట్ల అమ్ముతరా," అని మెచ్చుకుంది. డబ్బాలో పోసి, సామాన్ల అర్రలో జొన్నపిండి డబ్బా పక్కన పెట్టింది. రోజూ తన చేత్తోనే పెట్టింది. బండు కొరికి కొరికి తిని, మళ్లీ తోక నిక్కపెట్టుకుని దేవుడి అర్రలోకి ముందు నడవడం మొదలుపెట్టింది. "చూసిన్రా," అన్నది సీతాబాయి, "జీవానికి మాంసమే కావాలంటరు. గింజలతోటి ఎట్ల తయారైందో."

సుదర్శన్‌రావు భార్య లీలాబాయి ఒకనాడు ముంగిసకు పళ్లు నొస్తున్నాయేమోనని ఆ గుళికలు కొన్ని వేడి నీళ్లలో నానేసింది. మూత తీయగానే వాసన వచ్చింది. ఆమె ఆ గిన్నెను పెరట్లోకి తీసుకుపోయి పారబోసి, బూడిదతో తోమి, మళ్లీ చింతపండుతో తోమి, చివరికి రాయమల్లు భార్యకు ఇచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. గిన్నె ఏమైందని అత్త అడిగితే సొట్టపోయిందన్నది.

సుదర్శన్‌రావు గిన్నె సంగతి ఎరుగడు. కానీ సామాన్ల అర్ర కిటికీ కింద వీధి కుక్కలు వచ్చి కూర్చుంటున్నాయని గమనించాడు. జొన్నపిండి కోసం కుక్కలు అట్లా కూర్చోవు. ఆయన కిటికీ మూసి గడియ పెట్టాడు.

ఇంటి బయట మాత్రం ఈ విషయం మీద నోరు మూసుకోవాల్సిన అవసరం లేదు. ఒక మధ్యాహ్నం, సీతాబాయి లోపల పడుకున్నప్పుడు, అరుగు మీద అబ్బాస్‌కూ కరుణాకర్‌కూ మాట పెరిగింది.

"ఏం దాణా తెచ్చినవయ్యా సేటూ," అన్నాడు అబ్బాస్, ఒక గుళికను వేళ్ల మధ్య నలుపుతూ. "గింత మక్కజొన్నపిండి తెచ్చి ముంగిస నోట్ల కొడుతున్నవు."

"మక్కపిండా? మెల్లగ మాట్లాడు," అన్నాడు కరుణాకర్ లోపలికి చూసి. "ముప్పాతిక మాంసమే. ఒట్టు. ఎండబెట్టి, పొడి జేసి, మిషన్ల పోసి తీస్తరు."

"ముప్పాతిక మక్కలు. కసం. నేను నోట్లేసుకుని చూసిన."

"నువ్వు తిన్నవా?"

"తిన్న. నువ్వు తిన్నవా? తినవు. నువ్వు అమ్మెటోనివి. ఉప్పుగ, మక్క గారె మాడిపోతె ఎట్లుంటదో గట్లుంది."

"అరె భాయ్, నీకు తెల్వదు. పచ్చి మాంసంల పురుగులుంటయి, రోగాలుంటయి. ఎండకాలం గడియసేపుంటె వాసన కొడతది. గిది నెలల కొద్ది నిలవ ఉంటది."

"నిలవ ఉంటదని గొప్పనా? ముంగిస ఎన్నడన్న పామును ఒరుగు పెట్టుకుని తిన్నదా?"

సుదర్శన్‌రావు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు.

"మామా, నువ్వే చెప్పు," అన్నాడు కరుణాకర్. "మొన్న ఎట్లుండె, ఇప్పుడెట్లుంది? పండ్లు చూడు దానివి. కరకర కొరుకుతె పండ్లు సాఫ్ అయితయి."

"కోడి బొక్కలు కొరికితె గావా? నీ మిషన్ పుట్టక ముందు ముంగిసలన్ని బోసినోళ్లా? రావుసాబ్, అడవిల దీనికి ఎవరు డబ్బాల పోసి పెట్టిన్రు?"

"అడవిల దీనికి జొన్నపిండి పక్కన అర్ర గూడ లేదు," అన్నాడు సుదర్శన్‌రావు. "ఇద్దరు జర మెల్లగ. అవ్వ లేస్తది. కరుణాకర్, అండ్ల ఏమున్నదో నాకైతె చెప్పకు. నాకు తెలిస్తె నేను చెప్పాల్సి వస్తది."

అబ్బాస్ లేచి బట్టలు దులుపుకున్నాడు. "మీ ఇంట్ల మాంసం నడవాలంటె ముందు దాన్ని గింజ జెయ్యాలె. మంచిగుంది," అని దుకాణానికి పోయాడు.

ఆ తర్వాత కిందటి ఏకాదశి వచ్చింది. దాణా వచ్చాక అదే మొదటి ఏకాదశి. దాణా అంటే గింజలు, గింజలంటే ఏకాదశికి పనికిరావు. సీతాబాయి బండుకు పాలు పోసింది. దాణా రుచి మరిగిన బండు పాల వైపు చూడలేదు. పల్లీలు వాసన చూసి వదిలేసింది. తాడేసి కడితే తాడు కొరికింది. పగటి పూట గోడ దూకింది.

షకీలా వాకిలి బయటే నిలబడింది. లోపలికి రాలేదు. ఆమె చేతిలో ఏముందో చూడకుండా ఉండటానికి సీతాబాయి స్తంభం వైపు చూసింది.

"అవ్వా, ఉపాసం మీది," అన్నది షకీలా. "నా కోడి ఏం పాపం చేసింది? గుడ్ల మీద కూసున్న కోడి. ఇంక మూడొద్దులైతె పిల్లలు లేస్తుండె. ఇంకోసారి గిట్లయితె ముంగిసను బోను పెట్టి పడతా, మా ఆయన దోస్తు లారీ ఎక్కిస్త. నాగపూర్ల దిగుతది, మల్ల నన్ను అడగద్దు."

"బోను పెట్టే పని లేదమ్మా," అన్నాడు సుదర్శన్‌రావు. "నా మాట. ఇంకొక్క కోడి జోలికి పోతె, నేనే పట్టుకపోయి నిర్మల్ ఘాటు అడవిల ఇడిచివస్త. ఇగ అమాస, మంగళవారం ఏం లేదు."

చివరి మాట తల్లి వినాలనే అన్నాడు. ఆమె విన్నది. ఆ సాయంత్రం దేవుడి అర్ర గడప మీద చాలాసేపు కూర్చుంది. "వచ్చే ఏకాదశి ఏ వారం?" అని కోడల్ని అడిగింది. తిథులన్నీ వేళ్ల మీద ఉన్న మనిషి అట్లా అడగడం లీలాబాయి ఎన్నడూ వినలేదు.

అది గురువారం వచ్చింది. తొలి ఏకాదశి.

సుదర్శన్‌రావు స్నానం చాలా సేపు చేశాడు. బట్టలు కట్టుకుని వచ్చేసరికి తల్లి అక్కడే ఉంది, బండు అక్కడే ఉంది. ఇప్పుడు కోడలు కూడా వచ్చి నిలబడింది, నిన్న పండుగకని వచ్చిన కరుణాకర్ కూడా గోడకు ఆనుకుని ఉన్నాడు.

"లీలా, నువ్వు చెప్పు. ధాన్యమా?"

"కొంచెం పిండి ఉంటదేమో అత్తమ్మా," అన్నది లీలాబాయి. "నాకు అంతగనం తెల్వది. సాబుదానా తడి ఆరిందో లేదో చూసొస్త." వంటింట్లోకి పోయింది కానీ తలుపు చాటునే ఆగింది.

"కరుణాకర్, తెచ్చినోడివి నువ్వు. నీకు తెలుస్తది. చెప్పు."

కరుణాకర్ మామ వైపు చూశాడు. మామ మబ్బు వైపు చూస్తున్నాడు.

"ధాన్యమే అమ్మమ్మా," అన్నాడు. "నిఖార్సైన ధాన్యం. మక్కలు, గోధుమలు. ఇంకేముంటది అండ్ల? అసలు ఇంకేం ఉండనే ఉండది."

అంత గట్టిగా చెప్పమని ఎవరూ అడగలేదు. సీతాబాయి ముఖం చిన్నబోయింది. "గంతేనా," అన్నది. ఆమె గిన్నె తీసుకుని పక్కన బోర్లించి, పాల చెంబు ముందుకు జరిపింది.

గిన్నె బోర్లించడం చూసి బండు లేచింది. పాల చెంబు దాటి, పెరట్లోకి పోయి, గోడ కింద నిలబడి తల ఎత్తింది. గోడ అవతల కోళ్లు మాట్లాడుకుంటున్నాయి. సుదర్శన్‌రావు తల తిప్పి కొట్టం వైపు చూశాడు. రాయమల్లు కొట్టం దగ్గర గడ్డి వేస్తూ ఆగి, గంప ఎక్కడుందో కంటితో వెతికాడు. సీతాబాయి ఇద్దర్నీ చూసింది.

అప్పుడే అబ్బాస్ వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, అరుగు కింద ఆగాడు.

"రావుసాబ్, ఇయ్యాల మీ ఉపాసమట గదా. షకీలా పొద్దుగాల్నే కోళ్లన్నిటిని గంపల కింద మూసింది. కని నల్ల కోడి దొరుకుత లేదు, ఎటో తిరుగుతున్నది. బండును జర సందుగలోనన్న పెట్టున్రి ఇయ్యాల్టికి. నాకు గూడ దాన్ని లారీ ఎక్కించుడు మనసొప్పదు." గోడ కింద నిలబడ్డ ముంగిసను చూసి నాలుక కొరుక్కున్నాడు. "ఓహో. బయలెల్లిందే."

"అబ్బాసూ, ఇటు రా," అన్నది సీతాబాయి.

అతను అరుగు దగ్గరికి వచ్చాడు.

"ఆ దాణా నువ్వు నోట్లేసుకుని చూసినవట గదా."

లీలాబాయి తలుపు చాటునుంచి బయటికి వచ్చేసింది. ఆ మధ్యాహ్నం ఈమె పడుకుని ఉండాలి. ఆ మాట విన్నదంటే దానికి ముందు మాట, వెనక మాట కూడా వినే ఉండాలి.

"చూసిన అవ్వా," అన్నాడు అబ్బాస్.

"మా ఇంట్ల ఎవ్వరు తినలే. కాబట్టి నువ్వే చెప్పాలె. అండ్ల ధాన్యం ఉన్నదా?"

అబ్బాస్ కరుణాకర్ వైపు చూశాడు. కరుణాకర్ చూపులతోనే ఏదో చెప్పబోయాడు గాని ఏం చెప్పాలనుకున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. అబ్బాస్ ముంగిస వైపు చూశాడు. తర్వాత ముసలమ్మ వైపు చూశాడు. ఆమె ఒడిలో రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఒక్క గింజ లేదు అవ్వా," అన్నాడు.

"ఏంది?" అన్నాడు కరుణాకర్. "ముప్పాతిక మక్కలని నువ్వే గదా..."

"కరుణాకర్," అన్నది లీలాబాయి, "జర కొబ్బరి తురిమిపెట్టు నాయనా."

"కొబ్బరా? ఇప్పుడా?"

"ఇప్పుడే."

కరుణాకర్ పోలేదు కానీ నోరు మూసుకున్నాడు.

"ఒక్క గింజ గూడనా?" అన్నది సీతాబాయి.

"ఒక్కటి గూడ లేదు."

"గోధుమ?"

"లేదు."

"మక్క?"

"మక్క వాసన గూడ లేదు. నాది జిమ్మేదారి."

"కసమా?"

"కసం అవ్వా."

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. గింజ లేకపోతే మరి ఏముందన్నది. అది వస్తుందని అందరికీ తెలుసు. కరుణాకర్ రెండు కాళ్ల మీద బరువు మార్చుకున్నాడు. సుదర్శన్‌రావు స్తంభం పట్టుకున్నాడు. అబ్బాస్ తన పాదాల వంక చూసుకుంటూ, అడిగితే ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాడు. మొదటి కసం సంగతే అతనికి ఇంకా మింగుడు పడలేదు.

సీతాబాయి పెరటి వైపు చూసింది. బండు ముందరి కాళ్లు గోడ మీదికి ఎత్తింది.

"అయితె ఉపాసానికి నడుస్తది," అన్నది సీతాబాయి.

ఆమె లేచి సామాన్ల అర్రలోకి పోయి డబ్బా తెచ్చింది. బోర్లించిన గిన్నెను సరిగ్గా పెట్టి పిడికెడు వేసింది, ఆగి, ఇంకో పిడికెడు వేసింది. గుళికలు గిన్నెలో గలగలమన్నాయి. గోడ దగ్గరి నుంచి బండు ఒక్క పరుగున వచ్చింది. కొట్టం దగ్గర రాయమల్లు మళ్లీ గడ్డి వేయడంలో పడ్డాడు.

"ఏకాదశికి గూడ పనికొచ్చే దాణా," అన్నది సీతాబాయి తలలు దించుకున్న ముగ్గురు మగవాళ్ల మీదుగా చూస్తూ. "మస్తు మంచిది తెచ్చినవు కరుణాకర్. ఇంకో పాకిట్టు తెచ్చిపెట్టు. చతుర్మాసం మొత్తం కావాలె."

"తెస్త అమ్మమ్మా," అన్నాడు కరుణాకర్ నీరసంగా. జీవితంలో ఎన్నడూ తన సరుకును ఎవరైనా మెచ్చుకుంటే అతను అంత ఇబ్బంది పడలేదు.

బండు తినడం అయ్యేదాకా ఆమె అక్కడే నిలబడింది. తర్వాత మడి చీరెతోనే నేరుగా బావి గచ్చు మీదికి పోయి నిలబడింది. పొద్దున్నే తలస్నానం చేసిన మనిషి. లీలాబాయి ఒక్క క్షణం చూసి, చేద బావిలో వేసింది. ఒక్కొక్క చేదా తోడి అత్త తల మీద పోసింది. "మళ్ల స్నానమెందుకు..." అని కరుణాకర్ మొదలుపెట్టాడు గాని, మామ చూసిన చూపుకు వాక్యం అక్కడే ఆపేశాడు.

ఇంకో మడి కట్టుకుని ఆమె దేవుడి అర్ర దగ్గరికి వచ్చింది. బండు మూతి నాక్కుంటూ ముందు లోపలికి పోయింది. చెంబులు చూసింది, పీట కింద చూసింది, తూము చూసింది, బయటికి వచ్చింది. ఆమె గడప దాటింది. ఆ రోజు పూజ ఆలస్యంగా మొదలైంది, కానీ ఎప్పటికంటే ఎక్కువసేపు జరిగింది. ఇంత సేపు ఎవరికి ఏం చెప్పుకుంటున్నదో అని సుదర్శన్‌రావు అనుకున్నాడు.

అబ్బాస్ పోబోయాడు. పూజ గంట మోత ఆగి, లోపలి నుంచి గొంతు వచ్చింది.

"అబ్బాసూ, ఆగు. ఫలహారం చేసి పో."

ఆ ఇంట్లో అబ్బాస్ చాయ్ తాగాడు, నీళ్లు తాగాడు. కూర్చుని తిన్నది లేదు. అతను సుదర్శన్‌రావు ముఖం చూశాడు. సుదర్శన్‌రావు లోపలికి చూశాడు.

"లోపల ఉక్క పోస్తున్నది," అన్నది సీతాబాయి బయటికి వస్తూ, కోడలితో. "అందరికి అరుగు మీదనే వడ్డించు."

లీలాబాయి అరుగు తుడిచి మోదుగాకు విస్తర్లు వేసింది. సుదర్శన్‌రావు, కరుణాకర్, వాళ్ల వరసలోనే కొంచెం ఎడంగా అబ్బాస్ కూర్చున్నారు. రాయమల్లు తన విస్తరి తానే తెచ్చుకుని కొట్టం దగ్గర కూర్చున్నాడు. సీతాబాయి స్తంభానికి ఆనుకుని తన పీట వేసుకుంది. ఖిచిడి పొగలు కక్కుతోంది. పల్లీల పొడి, పచ్చిమిర్చి, పైన కరుణాకర్ తురమని కొబ్బరి, లీలాబాయే తురిమి వేసింది. పక్కన పెరుగు.

అనడానికి ప్రతి ఒక్కరి దగ్గరా ఒక మాట ఉంది, అది పక్కవాడి దగ్గర కూడా ఉంది. కరుణాకర్ విస్తరి వైపే చూసి తిన్నాడు. అబ్బాస్ మొదటి ముద్ద జాగ్రత్తగా నోట్లో పెట్టుకున్నాడు, తర్వాత మామూలుగా తిన్నాడు. సీతాబాయి అతని విస్తరి వైపు వేలు చూపింది. లీలాబాయి ఇంకో గంటెడు ఖిచిడి వేసింది. అతను వద్దనలేదు.